ఆరో తరగతి ఎక్కడ చేర్చాలి? సంక్రాంతిలోపు వివరాలు చెప్పండి: విశాఖ విద్యాధికారులకు, బడుల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

విశాఖపట్నం జిల్లా విద్యాశాఖాధికారి గారికి, మహా విశాఖ నగరపాలక సంస్థ కమిషనర్ గారికి, నగరంలోని ప్రైవేటు పాఠశాలల యాజమాన్యాలకు,

నమస్కారం.

మా అమ్మాయి కంచరపాలెం దగ్గర ఒక చిన్న ప్రైవేటు బడిలో ఐదో తరగతి చదువుతోంది. ఆ బడి ఐదుతోనే ఆగిపోతుంది కాబట్టి వచ్చే జూన్‌లో ఆరో తరగతికి తనను మరోచోట చేర్చక తప్పదు. ఇదే పరిస్థితిలో ఉన్న ఇళ్లు మా వీధిలోనే ఎన్నో ఉన్నాయి. ప్రభుత్వ ఉన్నత పాఠశాల మేలా, ప్రైవేటు బడి మేలా అన్నది తేల్చడానికి ఈ లేఖ రాయడం లేదు. రెండు వైపులా మంచి బడులూ ఉన్నాయి, పేరుకు నడుస్తున్నవీ ఉన్నాయి. తేల్చుకోవడానికి కావలసిన నాలుగు వివరాలు, తేల్చుకోవలసిన సమయానికి తల్లిదండ్రుల చేతికి అందడం లేదన్నదే నా ఫిర్యాదు. ఆ వివరాలన్నీ మీ దగ్గర ఉన్నాయి గనుక మీకే విన్నవించుకుంటున్నాను.

ముందు సమయం సంగతి చెప్పాలి. డిసెంబరు వచ్చిందంటే ఎన్‌ఏడీ కూడలి నుంచి గాజువాక దాకా ప్రైవేటు బడుల ఫ్లెక్సీలు వెలుస్తాయి, దినపత్రిక మడతల్లోంచి కరపత్రాలు రాలుతాయి. సాయంత్రం బడి వదిలాక ఆ బడుల టీచర్లే ఇంటింటికీ తిరుగుతారు. క్యాన్వాసింగ్ అనే ఈ పనికి వారికి టార్గెట్లు కూడా ఉంటాయని అందరికీ తెలిసిందే. అలసిపోయి గుమ్మం ముందు నిలబడిన ఆ అమ్మాయిలను చూస్తే కాదని పంపేయడానికి మనసు రాదు. సంక్రాంతిలోపు సీటు రాయించుకుంటే ఇంత రాయితీ, ఫిబ్రవరి దాటితే ఇంత అంటూ లెక్క చెప్పి వెళ్తారు. ప్రభుత్వ బడుల ఉపాధ్యాయులు కరపత్రాలతో మా వీధికి వచ్చేది ఎండలు ముదిరాక. అప్పటికి సగం ఇళ్లలో అడ్వాన్సులు కట్టేసి ఉంటారు. కట్టిన డబ్బు తిరిగి రాదు, కాబట్టి ఆ వచ్చినవారు ఎంత మంచి మాట చెప్పినా వినేవారుండరు.

ప్రభుత్వ బడి ముందుగా చెప్పలేకపోవడానికి కారణం నిర్లక్ష్యం ఒక్కటే కాదని నాకు తెలుసు. గత నెలలో నగరంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు వెళ్లాను. తరగతి గదిలో గోడకు బిగించిన డిజిటల్ ప్యానెల్‌కు దుమ్ము పడకుండా ఎవరో పాత చీరతో గలీబు కుట్టి తొడిగారు. అంత శ్రద్ధ ఉన్న మనిషి ఆ బడిలో ఒక్కరున్నా మా అమ్మాయిని చేర్చవచ్చనిపించింది. ప్రధానోపాధ్యాయుల వారి గదిలో నల్లబల్ల మీద మంజూరైన పోస్టులు, పనిచేస్తున్నవారు, ఖాళీలు అని మూడు గళ్లు గీసి ఉన్నాయి. భౌతికశాస్త్రం ఎదురుగా రెండు, ఒకటి, ఒకటి అని సుద్దముక్కతో రాసి ఉంది. ఆరో తరగతికి లెక్కలు ఎవరు చెబుతారని అడిగితే ఆయన ఏమీ దాచకుండా, "ఇప్పుడు చెబుతున్న మేడం గారికి ఇక్కడ ఎనిమిదేళ్లు నిండుతున్నాయమ్మా, వేసవిలో బదిలీలు జరిగితే ఆవిడ ఉండరు, ఆ చోటికి ఎవరొస్తారో, అసలు వస్తారో రారో జూన్ దాకా నాకూ తెలియదు" అన్నారు. ఆయన నిజాయితీకి నమస్కారం పెట్టి బయటికి వచ్చాను గానీ, ఆ జవాబుతో ఇంటికెళ్లి ఏ నిర్ణయం తీసుకోగలం?

జిల్లా విద్యాశాఖాధికారి గారూ, ఇక్కడ తమరు చేయగలిగింది ఒకటుంది. 2025లో వచ్చిన ఉపాధ్యాయుల బదిలీల చట్టం ప్రకారం ప్రధానోపాధ్యాయులు ఐదేళ్లు, ఉపాధ్యాయులు ఎనిమిదేళ్లు ఒకేచోట పనిచేస్తే కదలాల్సిందే. అంటే వచ్చే వేసవిలో ఏ బడిలో ఏ కుర్చీ ఖాళీ కాబోతోందో తమ కార్యాలయానికి ఇప్పుడే తెలుసు. పదవీ విరమణల తేదీలు కూడా ముందే తెలిసినవే. కొత్తగా ఎవరొస్తారన్నది చెప్పలేకపోయినా, ఏ సబ్జెక్టుకు ఎవరున్నారు, ఎవరు వెళ్లబోతున్నారు, ఏది ఎన్ని నెలలుగా ఖాళీగా ఉంది అన్నది బడివారీగా డిసెంబరు చివరికి ప్రకటించడానికి అడ్డేమీ లేదు. ఖాళీ ఎప్పుడు నిండుతుందన్నది చిన్న విషయం కాదు. ఉపాధ్యాయ నియామకాల కోసం పెట్టిన మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు 2025 ఏప్రిల్‌లో ప్రకటన వస్తే, ఎంపికైనవారికి నియామక పత్రాలు అందేసరికి సెప్టెంబరు చివరికొచ్చింది. జూన్ 12న బడి తెరిచిన దగ్గర్నుంచి అప్పటిదాకా ఖాళీలున్న బడుల్లో పిల్లలకు ఆ సబ్జెక్టు ఎవరు చెప్పారో బడివారికే తెలియాలి. ఆరో తరగతిలో భిన్నాలు, పూర్ణసంఖ్యలు సరిగా పట్టుబడని పిల్ల తొమ్మిదో తరగతి బీజగణితం దగ్గర ఎలా తడబడుతుందో లెక్కల మాష్టార్లను అడిగితే చెబుతారు.

ఖాళీల కన్నా ఎక్కువగా జంకు కలిగించేది విధానాల నిలకడలేమి. ఆరో తరగతిలో చేర్చడమంటే ఐదేళ్లకు నిర్ణయం తీసుకోవడం. గడచిన ఐదారేళ్లలో ఏం జరిగిందో ఒకసారి చూడండి. 2019లో ప్రభుత్వ బడులన్నిటినీ ఇంగ్లిషు మాధ్యమానికి మార్చాలని ఉత్తర్వు వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. 2022లో 117వ నంబరు ఉత్తర్వుతో మూడు, నాలుగు, ఐదు తరగతులను ఉన్నత పాఠశాలల్లో కలిపారు, 2025లో దాన్ని రద్దు చేసి బడులను మళ్లీ కొత్త రకాలుగా విభజించారు. వెయ్యి ప్రభుత్వ బడులకు సీబీఎస్ఈ గుర్తింపు తెచ్చారు, ఆ బడుల్లో పదో తరగతికి వచ్చిన పిల్లలను 2024లో తిరిగి రాష్ట్ర బోర్డు పరీక్షకే మళ్లించారు. వీటిలో ఏది మంచి నిర్ణయం, ఏది కాదు అన్నదాని మీద ఎవరి అభిప్రాయం వారికి ఉంటుంది, నాకూ ఉంది. నేను అడిగేది ఒక్క హామీ: ఏ విధానంలో, ఏ మాధ్యమంలో, ఏ బోర్డు కింద ఆరో తరగతిలో చేరారో ఆ పిల్లలు అందులోనే పదో తరగతి పూర్తి చేస్తారని, మార్పులేమైనా ఉంటే తర్వాత చేరే పిల్లల నుంచే మొదలవుతాయని. ఇది తమ స్థాయిలో తేలే విషయం కాదని తెలుసు. తమ ద్వారా పాఠశాల విద్యాశాఖకు చేరాలన్న ఉద్దేశంతోనే ఇక్కడ రాస్తున్నాను.

ఇక ప్రైవేటు యాజమాన్యాల వారితో మాట్లాడాలి. మీ బడుల్లో సమయం సమస్య లేదు, చెప్పేవారికీ కొదవ లేదు. అడిగింది కాగితం మీద పెట్టరు. ఒక పేరున్న బడిలో ఫీజు ఎంతని అడిగితే కౌంటరులో ఉన్న అమ్మాయి బ్రోచరు వెనక్కి తిప్పి పెన్సిలుతో 40 వేలని రాసింది. అది ట్యూషన్ ఫీజు మాత్రమేనట. దాని కింద ఫౌండేషన్ కోర్సు (ఐఐటీ వంటి పోటీ పరీక్షలకు ముందస్తు కోచింగ్), పుస్తకాలు, డిజిటల్ కంటెంట్, రెండు రకాల యూనిఫాం, పరీక్ష ఫీజు, బస్సు అని ఒక్కొక్కటీ రాసుకుంటూ పోతే మొత్తం 70 వేలు దాటింది. ఆ పైన రాయితీ అంటూ కొంత కొట్టేసింది. ఇదంతా అచ్చువేసిన కాగితం మీద ఇవ్వమంటే, "మేనేజ్‌మెంట్ ఇవ్వొద్దన్నారు మేడం" అని నవ్వి ఊరుకుంది. వచ్చే ఏడాది ఎంత పెరుగుతుందన్న ప్రశ్నకు ఆ పాటి జవాబు కూడా లేదు. కొబ్బరికాయ కొనేటప్పుడు కూడా చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తాం. ఐదేళ్లలో మూడు నాలుగు లక్షలు పోసే చోట పెన్సిలు రాతను నమ్ముకోవలసి వస్తోంది.

ఫీజులకు హద్దు పెట్టే ప్రయత్నం జరగలేదని కాదు. 2019లో చట్టం చేసి పాఠశాల విద్య నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ ఏర్పాటు చేశారు. 2021 ఆగస్టులో 53వ నంబరు ఉత్తర్వు ద్వారా నగరపాలక సంస్థల పరిధిలోని ఉన్నత పాఠశాలలకు ఏడాదికి 18 వేలని ఖరారు చేస్తే, యాజమాన్యాలు కోర్టుకు వెళ్లాయి, అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. అన్ని బడులకూ ఒకే ఫీజంటే చిన్న బడులకు ఊపిరాడదన్న వాదనలో కొంత న్యాయం ఉందనే నేనూ అనుకుంటాను. ఆ ఉత్తర్వు పోయినంత మాత్రాన మొత్తం ఫీజు ఎంతో ముందుగా రాసి చెప్పవలసిన బాధ్యత కూడా పోయినట్టు మీలో కొందరు ప్రవర్తిస్తున్నారు. ఎంత తీసుకుంటారన్నది ప్రస్తుతానికి మీ ఇష్టమే కావచ్చు. ఎంతో చెప్పకుండా తీసుకోవడం మాత్రం తగదు.

మరో రెండు సంగతులు చట్టంలో స్పష్టంగా ఉన్నవి, అయినా మా ఇళ్లలో చాలామందికి తెలియనివి. ఒకటి ప్రవేశ పరీక్ష. ఆరో తరగతిలో చేరబోయే పిల్లలకు "చిన్న టెస్టే, సెక్షన్లు వేయడానికే" అంటూ సీటు ఇవ్వకముందే పరీక్ష పెడుతున్నారు. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం బడిలో చేర్చుకోవడానికి పిల్లలను గానీ తల్లిదండ్రులను గానీ వడపోయడం నిషిద్ధం. తొలి ఉల్లంఘనకు 25 వేల రూపాయల వరకు, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల వరకు జరిమానా ఉంది. రెండోది టీసీ. ఫీజు బాకీ ఉందనో, మధ్యలో మానేస్తున్నారనో టీసీ ఆపి పెడుతుంటారు. ప్రైవేటు బడి భారమై పిల్లను ప్రభుత్వ బడికి మార్చుకుందామనుకున్న తల్లి అక్కడే ఆగిపోతుంది. ఎనిమిదో తరగతి లోపు పిల్లలకు టీసీ వెంటనే ఇవ్వాలనీ, అది రాలేదన్న కారణంతో ప్రభుత్వ బడి ప్రవేశం నిరాకరించకూడదనీ, ఆలస్యం చేయకూడదనీ అదే చట్టంలోని 5వ సెక్షన్ చెబుతోంది. ఈ రెండు సెక్షన్లనూ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ప్రతి బడి ఆఫీసు గది బయట అతికించేలా ఆదేశించమని జిల్లా విద్యాశాఖాధికారి గారిని కోరుతున్నాను. అదే చట్టం కింద ప్రైవేటు బడుల్లో ఇచ్చే 25 శాతం ఉచిత సీట్లు ఒకటో తరగతిలో చేరేవారికే కాబట్టి మావంటి వారికి వాటితో పని లేదు.

పదో తరగతి ఫలితాల ఫ్లెక్సీల గురించి కూడా చెప్పాలి. 600కు 590 పైన వచ్చిన పిల్లల ఫొటోలు ఏప్రిల్ నుంచి మళ్లీ ఏప్రిల్ దాకా కూడళ్లలో వేలాడుతూనే ఉంటాయి. ఆ పిల్లల కష్టానికి అభినందనలు. మాకు కావలసిన లెక్క వేరు. తొమ్మిదో తరగతిలో ఎంతమంది ఉన్నారు, వారిలో ఎంతమంది అదే బడి పేరు మీద పదో తరగతి పరీక్ష రాశారు, ఎందరు ఉత్తీర్ణులయ్యారు, మధ్యలో వెళ్లిపోయినవారు ఎందరు? చదువులో వెనకబడిన పిల్లను తొమ్మిదితో సాగనంపి నూటికి నూరు శాతం ఫలితం చూపించే బడికీ, అటువంటి పిల్లను పట్టుకుని గట్టెక్కించి తొంభై శాతం దగ్గర ఆగే బడికీ మధ్య తేడా ఫ్లెక్సీలో కనబడదు. నన్నడిగితే రెండో బడిలోనే చేరుస్తాను. గుర్తింపు ఏడో తరగతి వరకే ఉండి, పై తరగతులు కూడా నడుపుతూ, పదో తరగతి పిల్లల చేత వేరే బడి పేరు మీద పరీక్ష రాయించే చోట్ల గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఏ తరగతి వరకు గుర్తింపు ఉంది, అది ఏ తేదీతో ముగుస్తుంది అన్నది గేటు మీద రాయిస్తే చాలు.

ప్రభుత్వ బడి తన మంచిని తాను చెప్పుకోకపోవడం నాకు అన్నిటికన్నా వింతగా తోస్తుంది. నెలసరి మొదలయ్యే వయసు ఆడపిల్ల తల్లిగా నేను మొదట చూసేది మరుగుదొడ్డి. ప్రభుత్వ బడుల వసతులు బాగుచేసిన నాడు-నేడు పనుల తర్వాత నేను చూసిన బడిలో అవి బాగానే ఉన్నాయి, ఆ రోజు నీళ్లూ వస్తున్నాయి. పుస్తకాలు, బ్యాగు, బూట్లు, యూనిఫాం గుడ్డ ఉచితం, మధ్యాహ్న భోజనం ఉంది. పిల్లల చదువుకు ప్రభుత్వం తల్లులకిచ్చే తల్లికి వందనం కింద వచ్చే డబ్బు ఏ బడికి పంపినా ఒకటే కాబట్టి దాన్ని ఈ లెక్కలో వేసుకోను. లెక్కలో వేసుకోవలసినవి వేరే రెండున్నాయి. జాతీయ ఉపకారవేతన పరీక్ష, అంటే ఎన్ఎంఎంఎస్, ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలే రాయగలరు. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించకుండా ఉండి అందులో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ పూర్తయ్యేదాకా ఏటా 12 వేలు వస్తాయి. రెండోది ట్రిపుల్ ఐటీ సీటు. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కుల మీదే ప్రవేశాలు, హాస్టల్ వసతి లేని ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు అక్కడ 4 శాతం అదనంగా కలుపుతారు. ఒక్కో మార్కు దగ్గర సీటు చేజారే పోటీలో అది చిన్న ఊరట కాదు. ఫౌండేషన్ కోర్సుకు వేలు కట్టే తల్లిదండ్రులకు ఈ మాట ఆరో తరగతికి ముందు ఎవరూ చెప్పరు. పదో తరగతి ఫలితాలు వచ్చాక పక్కింటి పిల్లవాడికి సీటొస్తే తెలుస్తుంది. వేసవిలో పంచే కరపత్రం మీద నాయకుల ఫొటోలు కాస్త చిన్నవి చేసి ఈ రెండు వాక్యాలు వేయించరాదా?

కమిషనర్ గారూ, పురపాలక బడుల నిర్వహణ 2022లో పాఠశాల విద్యాశాఖ చేతికి వెళ్లినా భవనాలు నగరపాలక సంస్థవే. ఆ తర్వాత పైకప్పు కారితే ఎవరిని అడగాలో, ప్రహరీ పడితే ఎవరు కట్టాలో బడివారికే స్పష్టంగా తెలియని సందర్భాలున్నాయి. బడి గోడ మీద బాధ్యుల పదవి, ఫోను నంబరు రాయించండి. రవాణా సంగతి కూడా తమ దృష్టికి తేవాలి. 2023 నవంబరులో సంగం శరత్ కూడలి దగ్గర బడిపిల్లల ఆటో లారీని ఢీకొని బోల్తా పడిన దృశ్యాలు ఈ నగరంలో పిల్లలున్నవారు ఎవరూ మరిచిపోలేదు. దూరంగా ఉన్న ప్రైవేటు బడిని ఎంచుకున్న ఇళ్లలో చాలావాటికి బస్సు ఫీజు కట్టే స్తోమత లేక ఆ ఆటోలే దిక్కవుతున్నాయి. ఇంటికి నడిచి వెళ్లగలిగే దూరంలో, లెక్కలకూ సైన్సుకూ టీచర్లున్న ప్రభుత్వ బడి ఒకటుందని ఆ ఇళ్లకు ముందే తెలిస్తే, కొందరైనా ఆ ప్రయాణం మానుకుంటారు.

నేను కోరుతున్నవాటిలో కొత్తగా చట్టం చేయవలసింది గానీ, పెద్దగా ఖర్చు పెట్టవలసింది గానీ లేదు. ప్రతి బడీ తన 11 అంకెల యూడైస్ కోడ్ (దేశంలో ప్రతి బడికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య) కింద పిల్లల సంఖ్య, టీచర్ల వివరాలు, వసతులు ఏటా పైకి పంపుతూనే ఉంది. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ కార్యాలయాలు ఎవరూ అడగకుండానే ప్రజలకు వెల్లడించవలసినవి ఎన్నో ఉన్నాయి. కాబట్టి నగరంలోని ప్రతి ఉన్నత పాఠశాలకు, అది ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, ఒకే నమూనాలో ఒక పేజీ తయారు చేయించండి. అందులో సబ్జెక్టువారీ టీచర్లు, వారి అర్హతలు, ఖాళీలు, ఒక్కో సెక్షన్‌లో పిల్లల సంఖ్య, అన్నీ కలిపిన ఏడాది ఫీజు, మాధ్యమం, బోర్డు, గుర్తింపు గడువు, తొమ్మిది నుంచి పదికి వచ్చేసరికి మిగిలిన పిల్లల లెక్క ఉండాలి. ఆ పేజీని బడి గేటు మీద, వార్డు సచివాలయం గోడ మీద సంక్రాంతి సెలవులకు ముందు అతికించాలి. ఆ పేజీ ఇవ్వని ప్రైవేటు బడుల పేర్లు అక్కడే పక్కన రాయాలి. యాజమాన్యాల వారు మీ అంతట మీరే ముందుకొచ్చి ఇస్తే మరీ సంతోషం. దాచడానికేమీ లేని బడులు మీలో చాలానే ఉన్నాయి, వివరాలు బయటికి రాకపోతే నష్టపోయేదీ ఆ బడులే.

ఈ లేఖ ప్రతిని వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో మా వీధి తల్లిదండ్రులం కొందరం అర్జీగా ఇస్తున్నాం. మొత్తం పేజీ ఈ ఏడాదికి వీలుకాకపోతే, ప్రభుత్వ ఉన్నత పాఠశాలల సబ్జెక్టువారీ ఖాళీల జాబితా ఒక్కటైనా ఏ తేదీకి ఇవ్వగలరో రాతపూర్వకంగా తెలియజేయండి. ఆ తేదీ ఫిబ్రవరి లోపు అయితే, ప్రైవేటు బడులకు కట్టబోయే అడ్వాన్సులు అప్పటిదాకా ఆపుకోవడానికి మేము సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
భవదీయురాలు,
ఐదో తరగతి విద్యార్థిని తల్లి,
కంచరపాలెం, విశాఖపట్నం.